ఎడమవైపు వేసిన కూర



"మామ్మగారి తలకి కరెంటు పెట్టించారంట కదా అయ్యగారూ" అని ఈ రెండు నెలల్లో నన్ను అడగనివాళ్ళు తక్కువ. కువైట్ నుండి కూడా ఇద్దరు అక్కలు వాయిస్ మెసేజ్ పెట్టారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే నయమనుకున్నాను. అయితే కరెంటు సంగతి చెప్పాలంటే ముందు కూర సంగతి చెప్పాలి. కూర సంగతి చెప్పాలంటే నేను నా భార్యకు చేసిన అన్యాయం చెప్పాలి. ఇన్నాళ్ళు ఆలస్యం అయ్యింది అందుకే.

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి. మరునాటి వాక్యం కోసం రాసుకుంటూ కూర్చున్నాను. మా అమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు జారిపోయింది. మూతి కొంచెం వంకరగా ఉంది, మాట ముద్దగా వస్తోంది. మా ఇంటావిడ, మీరు అమ్మగారు అని పిలిచే మనిషి, "ఆటో పిలవండి" అంది. నేను వినలేదు. "నీరసం అయ్యుంటుంది, ప్రార్థన చేద్దాం, తెల్లారాక చూద్దాం" అన్నాను. తలకి నూనె రాసి ప్రార్థన చేశాను. తెల్లవారుజామున లేపబోతే ఎడమ చెయ్యి, ఎడమ కాలు కదల్లేదు.

ఏలూరులో డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, "ఎన్నింటికి మొదలైంది?" రాత్రి తొమ్మిదింటికి అని చెప్పాను. ఆయన గోడ గడియారం వంక చూసి ఊరుకున్నారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. ఆ టైము నా ప్రార్థన కిందే పోయింది. ప్రార్థన తప్పని నేననడం లేదు. ఆటోలో కూర్చుని కూడా ప్రార్థన చేయవచ్చు కదా! మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. నాకు తర్వాత చేయవచ్చు.

మెదడులో కుడివైపు పెద్ద నరంలో రక్తం ఆగిపోయిందని స్కానింగులో చెప్పారు. పన్నెండు రోజులకు ఇంటికి తెచ్చాం. మాట తిరిగి వచ్చింది. జ్ఞాపకం బాగానే ఉంది, నా చిన్నప్పటి అప్పులు కూడా చెబుతోంది. ప్రభువుకు స్తోత్రం అనుకున్నాం. ఆ తర్వాత ఇంట్లో గొడవ మొదలైంది.

"నీ పెళ్ళాం నాకు కూర వెయ్యట్లేదురా. వట్టి అన్నం పెడుతోంది" అని అమ్మ ఒకరోజు నా చెవిలో చెప్పింది. నేను నమ్మలేదు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు, "అసలు నా దగ్గరకే రావడం లేదు, దాహమన్నా పలికే దిక్కు లేదు" అని ఏడ్చింది. నేను బయటినుండి వచ్చేసరికి అమ్మ పమిట జారిపోయి ఉండేది. తల కుడివైపు దువ్వి, ఎడమవైపు చింపిరిగా ఉండేది. ఒక కాలికి చెప్పు ఉండేది, రెండో కాలికి ఉండేది కాదు. చూడటానికి వచ్చిన మన సంఘపువాళ్ళు మంచం పక్కన నిలబడి పలకరిస్తే గోడవైపే చూస్తూ పడుకునేది. హిజ్కియా రాజులా గోడవైపు తిరిగిపోయింది మామ్మగారు, ఎంత బాధ పెట్టుకుందో అని ఒకామె నాతోనే అంది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

అంతకంటే పెద్దది ఇంకొకటి జరిగింది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాలు తీసి చూశాను. అందులో ఇంగ్లీషులో 'లెఫ్ట్ నెగ్లెక్ట్' అని రాసి ఉంది. సెమినరీలో డిప్లొమా చదివినవాణ్ణి, నెగ్లెక్ట్ అంటే నిర్లక్ష్యమని నాకు తెలియదా? ముసలామెను ఇంట్లో నిర్లక్ష్యంగా వదిలేశారని డాక్టర్లు కూడా కనిపెట్టి రాశారనుకున్నాను! ఎవరినీ అడగలేదు. అడిగితే సిగ్గుచేటు అనుకున్నాను. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుని, వచ్చే ఆదివారం రూతు, నయోమి మీద ప్రసంగం చేశాను. అత్తను విడిచిపెట్టని కోడలి గురించి నలభై నిమిషాలు చెప్పాను. అమ్మగారు ముందు వరుసలో చాప మీద కూర్చుని విన్నారు. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. బాగుందని నాకు ఫోన్లు కూడా చేశారు. ఆ ప్రసంగం ఇంకా యూట్యూబులో ఉంది. తీసేద్దామంటే ఆమే వద్దంది, "ఉండనివ్వండి, ఎప్పుడైనా మీకు పనికొస్తుంది" అని.

ఏప్రిల్‌లో వ్యాయామం చేయించడానికి ఒక కుర్రాడు రావడం మొదలుపెట్టాడు. వచ్చిన రెండో రోజు అన్నం వేళకు ఉన్నాడు. అమ్మ కుడివైపు సగం అన్నం తిని, "చూశావా బాబూ, కూర లేదు" అంది. కంచంలో ఎడమ అంచున వంకాయ కూర అలాగే ఉంది. నేను దాన్ని చూసి, కోపంతో తినలేదనుకున్నాను. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా కంచాన్ని సగం చుట్టు తిప్పాడు.

"ఇదిగో కూర! ఇప్పుడు వేసిందా?" అంది అమ్మ. ఆశ్చర్యపోయి, కలుపుకుని తినేసింది.

నేను పొయ్యి దగ్గర ఉన్న నా భార్య వంక చూశాను. ఆమె ఇటు తిరగలేదు.

తర్వాత ఆ అబ్బాయి ఒక తెల్లకాగితం మీద చిన్న చిన్న గీతలు చాలా గీసి, అన్నింటినీ కొట్టేయమన్నాడు. అమ్మ కుడివైపు గీతలన్నీ కొట్టేసి, అయిపోయిందంది. గడియారం వెయ్యమంటే గుండ్రంగా గీసి, పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించింది. చామంతి పువ్వు వెయ్యమంటే రేకులు కుడిపక్కనే వేసింది. "కంటి చూపు బాగానే ఉందండీ అయ్యగారూ. ఎడమ అనేది ఒకటుందన్న ధ్యాసే ఆమె మెదడుకి రావడం లేదు. దీన్నే నెగ్లెక్ట్ అంటారు. అది లేదన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు, అదే దీంట్లో బాధ" అన్నాడు. మా అమ్మ మంచానికి కుడిపక్క గోడ ఉంది, ఎడమపక్క తలుపు. కోడలు రోజుకి యాభైసార్లు ఆ ఎడమ తలుపులోనుండే వచ్చింది. పమిట వేసుకునేది ఎడమ భుజం మీద. చెప్పు లేనిదీ ఎడమ కాలికే.

ఆ రాత్రి క్షమించమని అడిగాను. తేలికగా అడిగాననుకోవద్దు. పెరట్లో గిన్నెలు తోముతుంటే వెళ్ళి నిలబడి, గొంతు పెగలక చాలాసేపు ఉండిపోయాను. ఆమె చివరికి అంది, "మీ అమ్మ జబ్బు వల్ల నన్ను చూడలేదు. మీకేమైంది?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. సంఘం ముందు ఆమెను పరోక్షంగా అవమానించాను కాబట్టి సంఘం ముందే రాస్తున్నాను.

ఇక జబ్బు సంగతి. నాకు తెలిసినంత చెబుతాను, మా మేనకోడలు మెడిసిన్ చదువుతోంది, తప్పులుంటే దిద్దింది.

మెదడులో కుడి సగం ఎడమవైపు లోకాన్ని, ఎడమ సగం కుడివైపు లోకాన్ని చూసుకుంటాయి. అయితే రెండూ సమానం కాదు. కుడి సగం రెండు పక్కలా కాపలా కాస్తుందనీ, ఎడమ సగం మాత్రం తన కుడిపక్కనే చూసుకుంటుందనీ 1980 ప్రాంతంలో హైల్‌మన్, మెసులం అనే అమెరికా వైద్యులు వివరించారు. అందుకే ఎడమ మెదడు దెబ్బతింటే కుడిది కొంత ఆదుకుంటుంది. కుడిది దెబ్బతింటే ఎడమవైపు లోకానికి దిక్కుండదు.

ఇది కంటి జబ్బు కాదనడానికి ఇటలీలో ఒక సాక్ష్యం ఉంది. మిలాను పట్టణంలో పెద్ద దేవాలయం, దాని ముందు విశాలమైన మైదానం ఉన్నాయి. బిసియాక్, లుజ్జాట్టి అనే ఇద్దరు 1978లో రాసిన సంగతి ఇది. ఇలాంటి జబ్బున్న ఆ ఊరి మనుషులిద్దరిని పిలిచి, మైదానంలో గుడికి ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుని చుట్టూ ఏమున్నాయో చెప్పమన్నారు. వాళ్ళు ప్రధానంగా కుడిపక్క కట్టడాల పేర్లే చెప్పారు. ఇప్పుడు గుడి మెట్ల మీద నిలబడి బయటికి చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసినవి ఇప్పుడు చెప్పారు, ఇందాక చెప్పినవి వదిలేశారు. కళ్ళెదుట ఏమీ లేదు, అంతా జ్ఞాపకమే. జ్ఞాపకంలో కూడా ఎడమ సగం రాలిపోయింది.

ఇది చదివి ఊరుకోలేక మా అమ్మను కూర్చోబెట్టి, "మీ పుట్టింటి ఊళ్ళో గుడి గేటు దగ్గర నిలబడ్డావనుకో, ఏమేమున్నాయి?" అన్నాను. బడి, దాని పక్కన బావి, వాళ్ళ మేనత్త ఇల్లు చెప్పింది. "ఇప్పుడు గుడిలోనుండి బయటికి వస్తున్నావనుకో." చెరువు, వేపచెట్టు, ఆ వేపచెట్టుకు కట్టిన గంట. గంట దగ్గరకు వచ్చేసరికి చిన్నపిల్లలా నవ్వింది. అందరు రోగులకూ ఇలా ఉండదట. మా అమ్మకు ఉంది. నేను బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

చదువు దగ్గర ఇంకొకటి చూశాను. బైబిలు పేజీలో ఎడమ వరస వదిలేసి కుడి వరసే చదివేది. ఒక్కోసారి మాటల మొదటి అక్షరం పోయేది. 'అన్యాయము' అని ఉంటే 'న్యాయము' అని చదివేది, 'అసాధ్యము' అని ఉంటే 'సాధ్యము' అని. కుటుంబ ప్రార్థనలో ఆమె అలా చదువుతుంటే దిద్దడానికి మనసొప్పేది కాదు.

1988లో ఇంగ్లండు పరిశోధకులు మార్షల్, హాలిగన్ మరో సంగతి రాశారు. ఒకామెకు రెండు ఇళ్ళ బొమ్మలు చూపించారు. ఒకదానికి ఎడమపక్క మంటలు. రెండూ ఒకటేనంది. ఏ ఇంట్లో ఉంటావంటే, ఇదేం పిచ్చి ప్రశ్న అంటూనే ఎక్కువసార్లు మంటల్లేని ఇంటినే చూపించింది. అంటే ధ్యాసకు అందకపోయినా లోపలెక్కడో అందుతోందన్నమాట. మా అమ్మ కూడా కోడలు దగ్గరకు రాదని ఒకపక్క చెబుతూనే, ఆమె పొలానికో బజారుకో వెళ్తే ఆ పూట ఒకటే గునిసేది. నేను ఊహించుకుంటున్నానేమో, అలాగని వదిలెయ్యలేను.

జూన్‌లో హైదరాబాదులో మా అక్కవాళ్ళింటికి తీసుకెళ్ళాం. అక్కడ చూసిన డాక్టరమ్మగారు ముందు మామూలు వ్యాయామాలే చెప్పారు. ఎడమవైపుకి తల తిప్పి వెతికే అభ్యాసం, పేజీ ఎడమ అంచున ఎర్ర టేపు అతికించి, అది కనబడేదాకా వెనక్కి వెళ్ళి అక్కడినుండి చదవడం. వాటితోపాటు అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే పద్ధతి ఒకటుంది, కావాలంటే చేద్దామన్నారు. 'ఇది ఇంకా పరిశోధనలో ఉన్నది, తప్పక నయమవుతుందని నేను చెప్పను' అని కూడా అన్నారు.

ఆ మాట మన పెద్దలలో ఒకరికి ఫోనులో చెబితే, "అయ్యగారే మిషన్ని నమ్ముకుంటే మేమెవర్ని నమ్ముకోవాలి?" అన్నారు. తలలో కరెంటు పెడితే మనిషి స్వభావం మారిపోతుందేమో, ఆత్మకేమవుతుందో అని కూడా అడిగారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ భయం నాకూ ఉంది. మూడు వారాలు ఎటూ తేల్చలేదు. తేల్చింది నా భార్య. "ఫిబ్రవరిలో ప్రార్థన చేసుకుంటూ ఇంట్లో కూర్చున్నాం. ఈసారి దారిలో చేసుకుందాం, పదండి" అంది.

నాకు అర్థం కానిది ఒకటి డాక్టరమ్మగారిని అడిగాను. దెబ్బతిన్నది కుడివైపు కదా, మరి అయస్కాంతం ఎడమవైపు, మంచి మెదడు మీద పెడతామంటున్నారేమిటి? ఆమె చెప్పింది నా మాటల్లో చెబుతాను. మా నాన్న ఎడ్లబండి తోలేవాడు. వలపటెద్దు కుంటిదైతే దాపటెద్దు బలంగా ముందుకు లాగేస్తుంది, బండి దారి తప్పి కుడివైపుకి పోతుంది. తెలివైనవాడు కుంటిదాన్ని కొట్టడు. బలంగా ఉన్నదాని పగ్గం కొంచెం బిగబడతాడు. మెదడులో రెండు సగాలూ ఇలాగే ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటాయనీ, ఒకటి దెబ్బతింటే రెండోది అదుపు తప్పి ధ్యాసనంతా తన వైపుకి లాక్కుంటుందనీ కిన్స్‌బోర్న్ అనే ఆయన సిద్ధాంతం. "సరిగ్గా అంతేనండీ, మాదీ వ్యవసాయమే" అని ఆమె నవ్వారు.

దీనికి ముందు పిల్లి మీద జరిగిన పరీక్ష ఒకటి ఉంది. 1966లో స్ప్రేగ్ అనే ఆయన, మెదడు పైపొర ఒకవైపు తీసేయడం వల్ల ఒకపక్క చూపు పోయిన పిల్లికి, రెండోవైపు లోపలి భాగం కొంత తీసేస్తే పోయిన పక్క చూపు తిరిగి వచ్చిందని చూపించారు. ఒక దెబ్బకు రెండో దెబ్బ మందైంది. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మనుషుల్లో అలా కొయ్యలేం కాబట్టి, కొయ్యకుండా కాసేపు నెమ్మదింపజేసే సాధనం ఇది. తల బయట తీగచుట్ట పెట్టి, మెదడులో ప్రేరణ కలిగించవచ్చని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్కర్ బృందం చూపించింది. చుట్టలో కరెంటు ఒక్క క్షణంలో వెయ్యి వంతు కూడా ఉండదు. ఆ అయస్కాంత శక్తి పుర్రెను దాటి వెళ్ళి లోపలి కణాల్లో చిన్న కరెంటు పుట్టిస్తుంది. సెకనుకి ఒకటి చొప్పున నెమ్మదిగా కొడితే ఆ చోటు చురుకు సాధారణంగా తగ్గుతుంది, వేగంగా కొడితే పెరుగుతుంది. షాకు ట్రీట్‌మెంటు కాదు. మత్తు ఇవ్వరు, ఫిట్స్ రానివ్వరు. మన దేశంలో పెద్ద నగరాల్లో దీన్ని డిప్రెషన్‌కు వాడుతున్నారు.

ముందు రోజు గుండెలో పేస్‌మేకర్ ఉందా, తలలో లోహపు ముక్కలున్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగారు. అరుదుగానైనా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని చెప్పి సంతకం తీసుకున్నారు. చెవుల్లో దూది లాంటివి పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న చుట్టను ఎడమవైపు తల మీద ఆనించారు. ఎంత బలం వాడాలో కొలవడానికి మొదట చెయ్యిని కదిలించే చోట కొట్టి చూస్తారు. టక్‌మనగానే అమ్మ కుడి బొటనవేలు దానంతటదే ఎగిరింది. అమ్మ దాన్ని చూసి, "ఇదేంట్రా, నేను కదపలేదు!" అని పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక మనిషి వేలు ఆమె అనకుండా కదలడం చూస్తే సెమినరీలో చదువుకున్నదంతా ఒకసారి కదిలింది. తర్వాత ఆ చుట్టను కొంచెం వెనక్కి జరిపి, పదిహేను నిమిషాలు, సెకనుకొకటి చొప్పున తొమ్మిది వందల దెబ్బలు. "వడ్రంగిపిట్ట పొడుస్తున్నట్టుంది, నొప్పి లేదు" అంది. అవి కాగానే గంటసేపు వెతికే అభ్యాసాలు. ఇలా రెండు వారాల్లో పది రోజులు. ఖర్చు అక్క పెట్టుకుంది. సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదు, అది కూడా కొందరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఏడో రోజో ఎనిమిదో రోజో, అక్కవాళ్ళ హాల్లో కూర్చుని ఉన్నాం. నా భార్య అమ్మకు ఎడమపక్క కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ తల నెమ్మదిగా అటు తిరిగింది.

"నువ్వెప్పుడొచ్చావే?"

"ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"ఎప్పటినుండి?"

నా భార్య చిక్కుడుకాయలు పక్కన పెట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

దీన్ని సాక్ష్యంగా చెప్పమని కొందరు నన్ను అడుగుతున్నారు. చెప్తాను గాని, కలిపి చెప్పను. అది అయస్కాంతం వల్లా, అభ్యాసం వల్లా, నెలలు గడిచేకొద్దీ మెదడు తనంతట తాను కోలుకోవడం వల్లా, మీ ప్రార్థనల వల్లా అంటే, విడదీసి చెప్పడం డాక్టరమ్మగారికీ చేతకాలేదు, నాకూ చేతకాదు. స్విట్జర్లండులోని బెర్నులో 2012లో 24 మందిపై రాసిన పరిశోధన ఒకటి ఉంది. రెండు రోజుల్లో ఎనిమిది విడతలు వేగంగా గుంపులు గుంపులుగా దెబ్బలు కొట్టే పద్ధతి వాడితే, రోజువారీ పనుల్లో మెరుగుదల మూడు వారాలపాటు కనిపించిందట. అదే ఏడు రోమునుండి కూడా మంచి ఫలితమే వచ్చింది. కానీ ఇలాంటి పరీక్షలన్నీ చిన్నవి. ఈ జబ్బుకు వాడే మందులు కాని చికిత్సలన్నిటినీ 2021లో కాక్రేన్ సంస్థవారు కలిపి తూచి, దేనికీ గట్టి రుజువు లేదనే తేల్చారు. కాబట్టి అందరూ పొలం తాకట్టు పెట్టి వెళ్ళండని నేను చెప్పడం లేదు. కంచం తిప్పడానికి, ఎర్ర టేపుకి ఖర్చు లేదు, అవి ముందు చెయ్యండి.

బేత్సయిదాలో ఆ గుడ్డివాడి మీద ప్రభువు రెండుసార్లు చెయ్యి పెట్టిన సంగతి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. మొదటిసారికి మనుషులు చెట్లలా కనబడ్డారని చెప్పి, గబగబా రెండోదానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు మా ఇల్లు ఆ రెండింటి మధ్యలో ఉంది. అక్కడ ఉండడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

ఈ ఆగస్టు నాటికి అమ్మ పరిస్థితి ఇది. ఇంట్లో ఎడమ తలుపు దగ్గర ఎవరు నిలబడినా నాలుగింట మూడుసార్లు కనిపెడుతుంది. అలసిపోతే మళ్ళీ గోడవైపే. ఎడమ చేతికి ఎర్ర గాజులు వేశాం, అవి వెతుక్కుని అటు చూస్తుంది. 'అసాధ్యము' ఇప్పుడు సరిగ్గానే చదువుతోంది, ఎర్ర టేపు ఉన్నంతవరకు. కూర మాత్రం కొంచెం మిగిలిపోతుంది. అన్నం సగమయ్యేసరికి నా భార్య వచ్చి, మాట్లాడకుండా కంచం తిప్పి వెళ్తుంది. ఆమె ఇంట్లో లేనప్పుడు నేను తిప్పుతాను. మొన్న ఒకరోజు మరిచిపోయాను. అమ్మే కంచం అంచు పట్టుకుని తిప్పుకుంది.

వచ్చే ఆదివారం ఆమెను ఆరాధనకు తీసుకొస్తున్నాం. స్త్రీల వైపు, మొదటి కిటికీ దగ్గర కుర్చీ వేస్తాం. మీరంతా వచ్చి పలకరిస్తారని తెలుసు. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలనుకుంటే కుడిపక్కకు వెళ్ళి చెప్పండి. వట్టి వందనాలకైతే ఎడమపక్కనుండే రండి, అది ఆమెకు అభ్యాసం. ఎర్ర గాజుల చెయ్యి మెల్లగా తాకి పిలవండి. పలక్కపోతే అలిగిందనుకోవద్దు, ఇంకోసారి పిలవండి. తల తిరగడానికి కొంచెం టైము పడుతుంది.